పేరు చెప్పని ఇనుము: జపాను కత్తికాపుల పుట్టుక, ప్రాయము

(భిలాయి తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సభలో చదువబడిన ప్రసంగపాఠము)



భిలాయిలో కాపురమున్న కుటుంబముల యెదుట ఇనుమును గూర్చి ప్రసంగించుట హనుమంతుని ముందర కుప్పిగంతులు వేయుట వంటిదే. 1955వ సంవత్సరము ఫిబ్రవరిలో సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒడంబడిక మొదలు, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి కొలిమిని ప్రారంభించిన నాటి మీదుగా, నేటివరకు ఈ ఊరి బ్రదుకంతయు ఇనుముతోడనే పెనవేసికొని యున్నది. దల్లీ రాజహరా కొండల ఎఱ్ఱరాయి ఇచ్చట కరగి, ఉక్కై, రైలుపట్టాయై దేశమంతట పరచుకొనుచున్నది.

ఆ పట్టాను దగ్గరగా చూచినవారికి ఒక సంగతి తెలియును. దాని నడుమనుండు పలుచని భాగముపై తయారుచేసిన కర్మాగారపు గుర్తు, పట్టా తరగతి, చేసిన నెల, సంవత్సరము ఉబ్బెత్తు అక్షరములతో లేచి యుండును. ఏ కరగింపులోని ఉక్కుతో అది తయారైనదో తెలుపు సంఖ్యయు వేడి చల్లారకమునుపే దానిపై గ్రుద్దబడును. ఆ పట్టా ఏ మారుమూల స్టేషనుదగ్గర నూరేండ్లు పడియున్నను, దాని జాతకమును అదియే చెప్పగలదు. వేరొకరి సాక్ష్యముతో పనిలేదు.

కాని లోకములోని ఇనుమంతయు ఇట్లు జన్మపత్రికతో పుట్టలేదు. పేరు, ఊరు, ఏడు ఏమియు చెప్పక, అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నదై, చేసినవాని ప్రతిభను మాత్రము దాచుకొన్న ఒక ఇనుపబిళ్ల నేటి ప్రసంగమునకు విషయము. అది జపానుదేశపు ఖడ్గమునకు చెందినది. దానిని ఆ దేశమువారు త్సుబా అందురు. తెలుగున కత్తికాపు అని చెప్పుకొనవచ్చును.

ఖడ్గపు పిడికిని, అలుగునకును నడుమ అడ్డముగా నిలిచి, పట్టిన చేయి అంచుమీదికి జారకుండ కాపాడునట్టి బిళ్ల ఇది. ఖడ్గపు బరువును సమతూకములో నుంచుటకును తోడ్పడును. సామాన్యముగా ఆరు మొదలు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వెడల్పు, కొలది మిల్లీమీటర్ల మందము గలిగి యుండును. గుండ్రనివి, కోడిగ్రుడ్డు ఆకారమువి, నాలుగు రేకుల పువ్వువంటివి, చదరపువి యని పలు రూపులు గలవు. యుద్ధమునకు పుట్టిన వస్తువైనను, దానిపై కొంగలు ఎగురును, కెరటములు లేచును, వెదురాకులు గాలికి వంగును. యోధుని నడుమున పైకి కనబడు అలంకారములలో ముఖ్యమైనది ఇదియే గనుక, వాని అభిరుచి ఎట్టిదో ఎదుటివారికి దీనివలననే తెలిసెడిది.

ఇవి ఖడ్గములనుండి విడివడి లోకమున చెదరిపోవుటకు కారణమున్నది. 1876వ సంవత్సరము మార్చిలో జపాను ప్రభుత్వము సైనికులు, పోలీసులు, కొందరు అధికారులు దప్ప తక్కినవారు బహిరంగముగా ఖడ్గము ధరింపరాదని శాసించెను. తరతరములుగా ఖడ్గపు సామగ్రి చేసి జీవించిన పనివారలకు ఒక్కసారిగా పని పోయెను. పాత ఖడ్గముల కాపులు ఊడదీయబడి అంగళ్లకు వచ్చెను. ఐరోపా, అమెరికా యాత్రికులు వానిని కొనిపోయిరి. బోస్టను నగరపు లలితకళా ప్రదర్శనశాలలోను, లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోను నేడు గొప్ప సేకరణలున్నవి. హైదరాబాదున 1951 డిసెంబరులో నెహ్రూగారు ప్రారంభించిన సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని జపాను వస్తువుల నడుమ ఆ దేశపు ఖడ్గములను తెలుగువారు కన్నులార చూడవచ్చును.

ఖడ్గమునుండి విడివడిన కాపు, ఊరు మరచి, ఇంటిపేరు మరచి సంతలో తప్పిపోయిన బిడ్డవంటిది. బిడ్డ నోరు విప్పకున్నను మాటతీరు, కట్టుబట్ట, చేతి తాయెత్తు చూచి పెద్దలు ఏ ప్రాంతమువాడో పోల్చుకొందురు గదా! కత్తికాపును పోల్చుకొను విద్యయు అట్టిదే. అందు మొదట చూడవలసిన దేది, చివర చూడవలసిన దేది యన్నదే ముఖ్యము. అనుభవము లేనివాడు మొదట పేరు వెదకును. అనుభవశాలి పేరును చిట్టచివర చూచును. ఈ ప్రసంగములో చెప్పదలచిన దంతయు ఈ ఒక్క మాటలో నున్నది.

మొదట రంధ్రములను చూడవలెను. బిళ్ల నడుమ నిలువుగా, ఒకవైపు సన్నగా, వేరొకవైపు వెడల్పుగా ఉండునది అలుగు తోక దూరు రంధ్రము. దానికి ఇరుప్రక్కల ఒకటిగాని రెండుగాని చిన్న రంధ్రము లుండవచ్చును. అర్ధచంద్రాకారపుది ఒరలోనుంచు చిన్న కత్తికి, మూడు వంపుల అంచు గలది కోగై యను సన్నని కడ్డీకి దారులు. నడుమ రంధ్రము చుట్టు నగిషీ లేని కోలనైన చోటు కొంత విడువబడి యుండును. దానిని సెప్పాదై అందురు. పిడికి, కాపునకు నడుమ నుంచు పలుచని రాగి రేకులు ఆనుకొను చోటది.

ఈ రంధ్రములు చరిత్రను చెప్పును. ఒక అలుగునకు చేసిన కాపును వేరొక అలుగునకు తొడుగునపుడు, సందు లేకుండ బిగియుటకై రంధ్రపు కొనలలో రాగి ముక్కలు పొదుగుదురు. లేదా అంచుల వెంట ఉలితో పొడిచి లోహమును లోపలికి నెట్టుదురు. అట్టి రాగి ముక్కలు, పొడుపుగుర్తులు పెక్కు కలవన్న, ఆ కాపు పలు ఖడ్గములకు, బహుశః పలు తరములవారికి సేవ చేసినదన్నమాట. రేకులు ఆనుకొన్న చోట నీడవంటి మరక యుండును. ఇవేమియు లేని కాపు ఖడ్గమునకు ఎన్నడును ఎక్కలేదేమో యని శంకింపవలెను. అది ఏ ప్రభువునకో కానుకగా చేయబడి పెట్టెలోనే యుండిపోయినదైనను గావచ్చును. 1876 తరువాత యాత్రికులకు అమ్ముటకు చేసినదైనను గావచ్చును. చిన్నకత్తి రంధ్రము నగిషీలోని పక్షిరెక్కను నరకుకొని పోయినచో, ఆ రంధ్రము తరువాత తొలిచినదని తెలియును. తొలుత దానిని చేసినవాడు తన పక్షిని తానే నరకుకొనడు.

రెండవది లోహము. జపానులో ఇనుపరాయి కంటె ఇనుపయిసుక ముఖ్యమైన ముడిపదార్థము. ఇజుమో ప్రాంతమున మట్టితో కట్టిన తతారా కొలిమిలో ఆ యిసుకను, బొగ్గును మార్చిమార్చి వేయుచు, తిత్తులు ఊదుచు, మూడు రాత్రింబవళ్లు కాచెడివారు. ఇరువదవ శతాబ్దమున ఆరిపోయిన ఆ కొలిమిని 1977లో ఖడ్గకారులకొరకు మరల నెలకొల్పిరి. ఇట్టి ఇనుమును కాచి, మడచి, సమ్మెటతో సాగగొట్టి పలకగా చేయుదురు. లోపల గట్టిపాళ్లు, మెత్తపాళ్లు కలసి యుండుటచేత, కాలక్రమమున అంచువెంట గట్టిపాళ్లు చిన్న బుడిపెలవలె తేలును. వానిని జపానువారు తెక్కొత్సు, అనగా ఇనుప ఎముకలు, అందురు. ఒవారి ప్రాంతపు కాపులలో ఇవి ప్రసిద్ధములు.

పోతపోసిన నకిలీకి ఈ ఎముక లుండవు. అచ్చులో పోసినదగుటచే సన్నని చిల్లులలో సూదిబెజ్జములు, అతుకు గీతలు, మొండి మూలలు కనబడును. చేతితో రంపపుతీగ నడిపి తొలిచిన చిల్లు లోపలి గోడలు నున్నగా, నిలువుగా ఉండును. అచ్చులో పుట్టిన చిల్లు గోడలు వాలుగా, మొద్దుగా ఉండును. కాపును దారమున వ్రేలాడదీసి గోటితో మీటి నాదము వినుట పాతవారి పద్ధతి. సాగగొట్టిన ఇనుము గంటవలె మ్రోగునందురు. కాని పలుచనిదా, దళసరిదా, చిల్లు లెన్ని యన్నదానిబట్టి నాదము మారును గనుక, ఈ ఒక్క సాక్ష్యముతో తీర్పు చెప్పరాదు.

ఇనుము గాక ఇతర లోహములతో చేసినవియు గలవు. శుద్ధిచేయని రాగి, ఇత్తడి, రాగిలో కొంచెము బంగారము కలిపిన షాకుదో, రాగిలో వెండి కలిపిన షిబుయిచి ముఖ్యములు. షాకుదోలో బంగారము సామాన్యముగా నూటికి కొలది పాళ్లు మాత్రమే యుండును. కాని దానిని రాగి లవణముల నీటిలో కాచినపుడు పైన కాకిరెక్కవంటి నీలిమ గలిగిన నలుపు ఏర్పడును. అది పూసిన రంగు గాదు. లోహముపై పుట్టిన అతి సన్నని పొర. ఈ మాటను గుర్తుంచుకొనవలెను. కడపట దీనితో పని కలదు.

మూడవది తీరు. తెలుగువారు నేతను చూచి ఇది గద్వాల, ఇది వేంకటగిరి, ఇది ఉప్పాడ యని చెప్పునట్లే, కాపును చూచి ప్రాంతము చెప్పవచ్చును. ఒవారి పనివారి తొలిపు దిట్టమైనది, సౌష్ఠవము గలది, గీతలు మందముగా నుండును. క్యోటో రాజధాని పని నాజూకైనది, గీతలు సన్నములు. ఆ తీరు ఎడో నగరమునకు పోయి అకసకా శాఖగా వేరుపడినది. పడమటి కొసనున్న చోషూవారు ఇనుముమీదనే కొండలు, చెట్లు ఉబ్బెత్తుగా చెక్కిరి. ఎచిజెన్ దేశపు కినాయి వంశమువారు చుట్టలు చుట్టుకొన్న నాగములను తొలుచుటలో పేరెన్నికగన్నవారు. దక్షిణమున హిగో ప్రాంతమున టీ సేవనమును ఒక కళగా ఉపాసించిన హోసోకావా తదఓకి ప్రభువు అభిరుచి నీడలో నిరాడంబరమైన తీరు పెంపొందినది. అచ్చటి హయాషీ మతషిచి (1613–1699) తుపాకులు చేయు వంశమున పుట్టి కత్తికాపులలో అగ్రగణ్యుడైనాడు.

నాలుగవది కాలము. దీనికి జపాను చరిత్రయే కొలబద్ద. ప్రాచీనకాలమున అంచు క్రిందికి వచ్చునట్లు నడుమునకు వ్రేలాడదీసిన పొడవైన ఖడ్గమునకు తోలుపొరలతోను, లోహముతోను కాపులు చేసిరి. వానికి సాధారణముగా ప్రక్క రంధ్రములుండవు. 1467 మొదలు 1477 వరకు జరిగిన ఓనిన్ యుద్ధమును, దాని వెనుకవచ్చిన అంతఃకలహములును దేశమును కుదిపిన దినములలో, అంచు పైకి వచ్చునట్లు నడికట్టులో దోపుకొను ఖడ్గము వాడుక పెరిగినది. ఆ కాలపు కాపులు చాలవరకు పలుచని సాదా ఇనుపపలకలు. చిన్న చిన్న తొలుపులు మాత్రముండును. ఇత్తడి పొదిగినవియు కలవు. 1603లో తొకుగావా ప్రభుత్వ మేర్పడి, 1615లో ఒసాకా కోట పడిపోయిన పిమ్మట, రెండున్నర శతాబ్దములు దేశమున పెద్ద యుద్ధములు లేవు. ఖడ్గము ఆయుధము గానుండుట తగ్గి, హోదాకు గుర్తగుట హెచ్చినది. షాకుదోపై చేపగ్రుడ్లవలె సన్నని చుక్కల నేల, బంగారపు బొమ్మలు, కథాఘట్టములు వచ్చిచేరినవి. కాబట్టి సన్నని బంగారుపని నిండిన కాపును చూపి, ఇది పదునాల్గవ శతాబ్దపు రణరంగమున వాడినదని వర్తకుడు చెప్పినచో, నవ్వి ఊరకుండుట మంచిది.

ఇంతయు చూచిన తరువాతనే ఐదవ సాక్షి, అనగా పేరు, రావలెను. సెప్పాదైపై నడుమ రంధ్రపు ప్రక్కన చేసినవాని పేరు, ఒకొక్కప్పుడు నివాసమును, ఉలితో చెక్కబడి యుండును. తొకుగావా కాలమునకు ముందు పేరు చెక్కుట అరుదు. చెక్కిన తొలివారిలో కనెయియే, నొబుయియే అనువారు మహాశిల్పులుగా పరిగణింపబడిరి. అందుచేతనే వారి పేర్లను ఎందరెందరో చెక్కుకొనిరి. హికొనే పట్టణపు సోతెన్ కథ ఇంకను విచిత్రము. చీనా ఋషులను, యోధులను నిబిడముగా తొలిచి బంగారము పొదిగిన ఆయన తీరునకు గిరాకి హెచ్చుటతో, ఆ పేరు చెక్కిన కాపులు రాశులుగా పుట్టినవి. తుదకు సోతెన్ అను మాట ఒక మనుష్యుని పేరు గాక ఒక పనితీరు పేరైపోయినది.

హాంబర్గు ప్రదర్శనశాలలో పనిచేసిన జపాను పండితుడు షింకిచి హరా 1902లోనే ఇట్టి శిల్పుల పేర్లపట్టికను జర్మను భాషలో ప్రకటించెను. అట్టి పట్టికలు ఉపకరించును; కాని పట్టికలో పేరున్నంత మాత్రమున చేతిలోని కాపు ఆయన చేసినది గాదు. సంతకము కాగితముమీది దైనను, ఇనుముమీది దైనను, దస్తూరి పోల్చి చూడక నమ్మరాదన్నది కచేరీలలో ఫైళ్లు చూచు పెద్దలకు వేరుగా చెప్ప నక్కరలేదు. జపానులో 1948లో ఏర్పడిన కళాఖడ్గ సంరక్షణ సంఘమువారు నిపుణులచే పరిశీలింపజేసి పత్రము లిచ్చుచున్నారు. పేరులేని కాపునకు వారు ప్రాంతమును, శాఖను మాత్రమే చెప్పుటయు కలదు. తెలిసినంతమేరకే చెప్పి, తెలియనిచోట ఆగుట ఆ విద్యకు శోభ.

పేరు మోసగించుటకు మనుష్యుని పేరే కానక్కరలేదు. దేశము పేరును మోసగింపగలదు. నంబన్ కాపులను ఒక తెగ కలదు. అల్లుకొన్న తీగల నడుమ నాగములు, అంచున పూసలు, పైన బంగారురేకు అద్దకము వీని లక్షణములు. నంబన్ అనగా దక్షిణపు పరదేశీయులు. 1543లో జపాను తీరమునకు మొదట వచ్చిన పోర్చుగీసువారికి, తరువాతివారికి పెట్టిన పేరది. అంతమాత్రమున ఈ కాపులు ఐరోపాలో పుట్టినవి గావు. నాగసాకి ప్రాంతమువారు పరదేశపు సొగసులను చూచి చేసినవి పెక్కు. పేరు దిక్కును చూపును, ఊరిని చూపదు.

ఇచ్చటనే ఈ కథ తెలుగునేలకు దగ్గరగా వచ్చుచున్నది. ఆ దినములలోనే నంబన్ ఇనుము అను మాటయు జపాను ఖడ్గములమీద కనబడును. తొకుగావా ఇయెయాసు ఆదరము పొందిన ఎచిజెన్ యసుత్సుగు అను ఖడ్గకారుడు, తాను నంబన్ ఇనుమును వాడితినని అలుగుతోకపై గర్వముగా చెక్కుకొనెను. ఆ కాలమున ఓడల రాకపోకలు గమనింపదగినవి. డచ్చి వర్తకులు 1606లో గోలకొండ సుల్తాను అనుమతితో మచిలీపట్టణమున స్థావరమేర్పరచుకొనిరి. 1609లో జపానులోని హిరాదోలో కాలుపెట్టిరి. 1641లో నాగసాకి దగ్గరి దెషిమా దీవికి మారిరి. గోలకొండ రాజ్యపు ఇనుము, ఉక్కు తెలుగుతీరపు రేవులనుండి వారి ఓడలలో బతావియాకు పోయెడివి. దీనినిబట్టి యసుత్సుగు ఖడ్గములో తెలుగువారి ఉక్కున్నదని చాటుట తొందరపాటు. పైన చెప్పిన నియమము స్వజనుల విషయమునను పాటింపవలసినదే. నంబన్ అను ముద్ర దిక్కును మాత్రమే చెప్పును. దారి యుండెననుట వేరు, ఆ దారిన ఆ సరుకే పోయెననుట వేరు.

కాని సందేహమునకు తావులేని మాట ఒకటున్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించెడివారు. ఉత్తర తెలంగాణములో వాగులయందలి నల్లని ఇనుపయిసుకనుండి, కొండరాతినుండి ఇనుము తీసెడివారు. కోనసముద్రమువారు రెండు చోట్ల నుండి తెచ్చిన ఇనుములను కలిపి, మూసలో పెట్టి మూతవేసి, పగళ్లు రాత్రులు కాచి ఉక్కుముద్దలు చేసిరి. హెన్రీ వాయిసీ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వర్ణన, ఆయన గతించిన పిమ్మట, 1832లో బెంగాలు ఏషియాటిక్ సంఘ పత్రికలో వెలువడినది. ఇస్ఫహాను నుండి వచ్చిన పారసీక వర్తకుడు ఆ ఉక్కుకొరకు అచ్చటనే మకాము వేసియుండుట ఆయన చూచెను. 2010లో ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారు, బెంగుళూరు నేషనల్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ వారు కలసి ఉత్తర తెలంగాణములోని పల్లెలయందు చిట్టెపుదిబ్బలను, మూసముక్కలను పరిశీలించిరి.

ఆ ఉక్కుతో పారసీకమున సాగిన అలుగులపై నీటి అలలవంటి చారలు తేలెడివి. ఐరోపావారు వానికి దమస్కసు ఉక్కని పేరుపెట్టిరి. సాగగొట్టిన ఖడ్గకారుని పేరు బంగారు అక్షరములతో అలుగుమీద నిలిచినది. అమ్మిన పట్టణము పేరు లోహమునకే అంటుకొన్నది. మూసయొద్ద కూర్చుండి తిత్తులూదిన కోనసముద్రపు కమ్మరి పేరు మాత్రము ఎక్కడను లేదు. ఈ ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున అడవులలో ఇనుము తీసిన అగరియాల గతియు అంతియే. 1942లో వెరియర్ ఎల్విన్ వారిమీద ఒక గ్రంథము వ్రాసెను గాని, వారు చేసిన గొడ్డలిమీద వారి పేరు ఎన్నడును లేదు. పేరు ఉన్న వస్తువునకే విలువ యనుకొన్నచో, ఇట్టివారి పనియంతయు విలువలేనిదై పోవలసి వచ్చును. పేరులేని కాపునుండి ప్రాంతమును, కాలమును రాబట్టు జపాను విద్య ఈ అన్యాయమును కొంతవరకైనను దిద్దుచున్నది.

ఒక ఉదాహరణముతో దీనిని సమన్వయించుకొనవచ్చును. ఎనిమిది సెంటీమీటర్ల గుండ్రని ఇనుపకాపు బల్లమీద నున్నదనుకొందము. ఎగురు బాతుల తొలుపు, గీతలు దిట్టములు, కుడియెడమలు సమముగా నున్నవి. అంచున బుడిపెలు తేలినవి. నడుమ రంధ్రపు కొనల రాగిముక్కలు, చుట్టు ఉలిపోట్లు కలవు. ఒక ప్రక్కరంధ్రము నగిషీలో ఒదిగినది. రెండవది ఒక బాతుమెడను తెంపి పోయినది. పేరు లేదు. పరిశీలకుడు ఇట్లు చదువును: సమ్మెటపని, పోత గాదు. తీరు ఒవారిది. పలుమార్లు ఖడ్గములు మారినది. ఒక తరమువాడు తన అవసరమునకై రెండవ రంధ్రము తొలిపించెను. అలంకారము మితముగా నుండుటచేత శాంతియుగపు ఆడంబరమునకు మునుపటి లక్షణము గలది. బహుశః పదునారవ శతాబ్దము చివరనో, పదునేడవ శతాబ్దము మొదటనో పుట్టియుండును. ఇంతకు మించి చెప్పరాదు. ఇంతవరకు చెప్పుట న్యాయము.

ఇప్పుడు ఆ కాపు ఒక లోభి చేత పడినదనుకొందము. వాడు ఖాళీస్థలమున నొబుయియే యని చెక్కించును. ధర పెరుగునని వాని ఆశ. కాని క్రొత్త ఉలిగీత అడుగున లోహము మెరయును. దానిని మరుగుపరచుటకు ఆమ్లముతో ఎఱ్ఱని త్రుప్పు పట్టించును. నాలుగు వందల ఏండ్లు నిజము చెప్పుచు వచ్చిన వస్తువునోట ఒక అబద్ధము పెట్టినట్లైనది. దానిని తుడిచివేయబోయిన అసలు లోహము అరిగిపోవును. లేని పేరు కోరి ఉన్న గౌరవమును పోగొట్టుట యిదియే.

నేడు శాస్త్రపరికరములు ఈ విద్యకు తోడ్పడుచున్నవి. ఎక్సురే కిరణములతో లోహమును గీయకయే అందలి బంగారము, వెండి పాళ్లను కొలువవచ్చును. న్యూట్రానుల సహాయమున జపాను ఖడ్గముల, కాపుల లోపలి అమరికను కోయకుండనే చూచిరి. ఐనను యంత్రము లోహమును చెప్పునే గాని, బాతుమెడ తెగినదేలనో చెప్పదు. దానికి కంటిచూపు, చరిత్రజ్ఞానము, ఓర్పు వలయును.

ఇక గృహిణులకు, గృహస్థులకు ఒక మనవి. తెలుగుఇండ్లలో పాత లోహవస్తువులు దొరకని యిల్లు అరుదు. తాతలనాటి బాకు, పోకలు కత్తిరించు అడకత్తెర, దీపపుసెమ్మె, మరచెంబు, ఎవరో విదేశమునుండి తెచ్చిన బిళ్ల యేదైనను గావచ్చును. పండుగ వచ్చినదన్న చింతపండు, ముగ్గుపిండి పెట్టి తళతళలాడునట్లు తోముట మనవారి అలవాటు. నిత్యము వాడు చెంబునకు అది మేలే. ఆయుధపూజకు కత్తిని తోముటయు భక్తితో చేయు పనియే. కాని పురాతనమైన వస్తువునకు ఆ తోముడు ప్రాణాంతకము. షాకుదోపై పుట్టిన సన్నని నల్లనిపొర చింతపండు పులుసుకు నిలువదు. ఇనుముపై తరములుగా ఏర్పడిన ముదురుగోధుమ రంగు, రేకులు ఆనిన మరక, ఉలిపోట్ల అంచులు ఇవన్నియు ఒక్క పూటలో మాయమగును. వస్తువు మెరయును, దాని జ్ఞాపకము నశించును. మరల తెచ్చుటకు ఏ నిపుణునకును శక్యము గాదు.

జపానువారు కత్తికాపును మెత్తని నూలుగుడ్డతో తుడుచుట దప్ప ఎక్కువ చేయరు. ఎఱ్ఱని క్రొత్త త్రుప్పు కనబడిన, ఇనుముకంటె మెత్తనిదైన లేడికొమ్ముతోనో, ఎముకతోనో నిదానముగా రాయుదురు. తడిచేతితో ముట్టరు. మన యిండ్లలోను ఈ పద్ధతి నవలంబింపవచ్చును. అంతకంటె ముఖ్యమైనది, ఆ వస్తువు ఎవరిది, ఏ ఊరినుండి ఎప్పుడు వచ్చినది, ఇంటిపెద్దలు దానిని గూర్చి ఏమి చెప్పుకొనిరి అను సంగతులను ఒక కాగితముమీద వ్రాసి తేదీవేసి దానితో నుంచవలెను. విన్నదానిని విన్నట్లుగా, చూచినదానిని చూచినట్లుగా వేరువేరుగా వ్రాయవలెను. ఊహించినదానిని నిజమని వ్రాయరాదు. నూరేండ్లకు పైబడిన కళావస్తువులను సొంతముగా విదేశములకు పంపుట 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టముచే నిషిద్ధమని గూడ తెలిసియుండుట మంచిది.

భిలాయిలో పగలనక, రాత్రియనక కొలిమియొద్ద పనిచేయువారి పేర్లును పట్టాలమీద ఉండవు. ఏడు, నెల, కరగింపు సంఖ్య మాత్రముండును. ఐనను ఆ ఉక్కు గట్టిదనమే వారిని గూర్చి చెప్పుచుండును. ఒవారిలో బాతులను తొలిచిన వానికి, కోనసముద్రమున మూసను కాచిన వానికి, ఇచ్చట ఉక్కును కరగించు వానికి నడుమ నున్న చుట్టరికము ఇదియే. వారికి లేని పేర్లను అంటగట్టనక్కరలేదు. వారి చేతిగుర్తులను చెరిపివేయకుండ కాపాడి, పిల్లలకు చూపి చదువ నేర్పినచో చాలును.